ముఖం మనది... ఫొటో ఎవరిది?

వెనుకటి రోజుల్లో పెళ్లిచూపులకు ముందు అమ్మాయి ఫొటో పంపించేవారు. కవరులో జాతకం, దాని వెనక కార్డు సైజు ఫొటో, ఉత్తరం చివర ఓ వాక్యం... సంబంధం నచ్చని పక్షంలో ఫొటో తిరిగి పంపగలరు అని. ఆ ఒక్క వాక్యంలో ఎంత ముందుచూపు ఉందో చూడండి. ఫొటో మీ చేతికిచ్చాం కానీ మీకు ఇచ్చేయలేదు. చూడ్డానికే ఇచ్చాం, చూశాక మా అమ్మాయి బొమ్మ మా ఇంటికి రావాలి అని దాని అర్థం. చట్టాలు చదివినవాళ్లు రాసిన వాక్యం కాదది. ఆడపిల్లను కన్నవాళ్లు రాసుకున్నది.

ఇప్పుడు కవరూ లేదు, ఉత్తరమూ లేదు. ఫొటో కాగితం మీద ఉండేది తక్కువ. స్టూడియో కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వాట్సాప్‌లో పది, వదినగారి స్టేటస్‌లో ఇంకొకటి. 'తిరిగి పంపగలరు' అని రాస్తే ఏ కాపీని తిరిగి పంపుతారు? ఒక్క ముఖం దొరికితే చాలు, దాన్ని మరో ఒంటికి అతికించే కంప్యూటర్ విద్యలు వచ్చిన కాలం ఇది. అమ్మానాన్నల ఆ ముందుచూపు అప్పటికంటే ఇప్పుడే మనకు ఎక్కువ అవసరం. కానీ దాన్నే మరిచిపోయాం.

ఎక్కడి సంగతో ఎందుకు, మా జహీరాబాద్ ప్రాంతమే తీసుకుందాం. 2016లో మండల కేంద్రమైన మొగుడంపల్లి లాంటి ఊళ్లో కూడా ఇవాళ కెమెరా లేనిదే శుభకార్యం లేదు. శ్రీమంతం, ఊయల, శారీ ఫంక్షన్, నిశ్చితార్థం, లగ్గం... దేనికైనా ముందు పురోహితుడు, ఆ వెంటనే ఫొటోగ్రాఫరు. ఆల్బం ఎన్ని షీట్లు, వీడియో ఎన్ని గంటలు, డ్రోన్ తెస్తారా, పెద్ద ఫొటో ఫ్రేము ఉచితమా అని గంటసేపు బేరమాడతాం. ఒక్కటి మాత్రం అడగం. ఈ ఫొటోల మీద హక్కు ఎవరిది, మాకిచ్చాక వీటిని మీరేం చేస్తారు?

అడక్కపోతే ఏం మునిగిపోయింది అంటారా? ఒకమ్మాయికి పెళ్లయింది అనుకుందాం. పెళ్లికూతురి ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. స్టూడియో వాళ్లు దాన్ని పెద్దదిగా వేయించి అద్దాల వెనక పెట్టారు, తమ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టుకున్నారు. ఆ సంసారం ఏడాది తిరక్కుండానే కోర్టు మెట్లెక్కింది. అమ్మాయి పుట్టింటికి వచ్చి ఏదో ఉద్యోగం చూసుకుంది. రోజూ బస్టాండుకు వెళ్లే దారిలో ఆ స్టూడియో, ఆ అద్దం, అందులో బాసికం కట్టుకుని నవ్వుతున్న తనే. ఒకరోజు ధైర్యం చేసి లోపలికి వెళ్లింది. "అన్నా, జర ఆ ఫొటో తీసెయ్యండి" అంది. "దించింది మేం కదమ్మా, దాని మీద హక్కు మాదే ఉంటది" అన్నాడాయన. ఆయన చెడ్డవాడేం కాదు. తనకు ఎవరో చెప్పింది, తను నమ్మింది చెప్పాడు. ఆ పిల్ల కూడా నిజమే కాబోలనుకుని తలవంచుకుని వచ్చేసింది. ఇలాంటి అమ్మాయి మన బంధువుల్లోనో, మన వీధిలోనో ఉండకపోదు.

నిజమేనా మరి? తీసినవాడిదే హక్కా?

చట్టం ఏమంటోంది?

మన కాపీరైటు చట్టం 1957 నాటిది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తే అని అందులో ఉంది. మామూలుగా కర్తకే మొదటి హక్కు. ఇంతవరకూ స్టూడియో ఆయన మాట సరైనదే. కానీ 17వ సెక్షన్‌లో 'బి' అనే చిన్న భాగం ఒకటుంది. ఎవరైనా కోరి, డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, ఆ ఫొటో మీద కాపీరైటుకు మొదటి యజమాని తీయించుకున్నవారే అని దాని సారాంశం. డబ్బిచ్చి వేయించుకున్న చిత్తరువుకూ ఇదే సూత్రం.

అంటే మనం అడ్వాన్సు ఇచ్చి, తేదీ చెప్పి, రమ్మని పిలిపించి తీయించుకున్న పెళ్లి ఫొటోల మీద హక్కు మనదే. స్టూడియోలో కూర్చుని దిగిన పాస్‌పోర్టు ఫొటోకైనా అంతే. వాటిని అచ్చు వేయాలన్నా, ప్రకటనలో వాడాలన్నా, నెట్‌లో పెట్టాలన్నా అడగాల్సింది వాళ్లు మనల్ని, మనం వాళ్లను కాదు.

అయితే ఆ 'వేరే ఒప్పందం లేనప్పుడు' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మెలికంతా అక్కడే ఉంది. ఆర్డరు ఫారం వెనక సన్నటి అక్షరాల్లో 'అన్ని ఫొటోల మీద సర్వహక్కులూ స్టూడియోవే' అని అచ్చు వేసి ఉంటే, దాని కింద మీరు సంతకం పెట్టి ఉంటే, తర్వాత చట్టం పేరు చెప్పి వాదించడం కష్టం. చీర కొంగు చివరి దాకా విప్పి చూడందే కొనని మనం, ఆ కాగితం వెనక్కి తిప్పి చూడకుండా సంతకం పెడతాం!

పట్టా వేరు, కౌలు వేరు

కాపీరైటు అంటే ఒకటి, వాడుకునే అనుమతి అంటే మరొకటి. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే సగం తగాదాలు. మన వైపు వాళ్లకు ఇది భూమి లెక్కలో చెబితే చటుక్కున అర్థమవుతుంది. కాపీరైటు పట్టా లాంటిది. వాడుకునే అనుమతి కౌలు లాంటిది. కౌలుకు తీసుకున్నవాడు ఈ ఏడు చెరకు వేసుకోవచ్చు, అల్లం వేసుకోవచ్చు. అంతమాత్రాన పొలం అమ్ముకోలేడు. చేతిలో ఉన్న ఆల్బమూ, పెన్‌డ్రైవూ పండిన గింజల లాంటివి. గింజలు మన గాదెలో ఉన్నాయి కాబట్టి పొలం మనదే అనలేం, పొలం మనది కాబట్టి గింజలన్నీ వాటంతటవే మన గాదెకొస్తాయనీ అనలేం. మూడూ మూడు వేరువేరు సంగతులు.

ఇన్‌స్టాగ్రామ్‌నే చూడండి. అందులో ఫొటో పెట్టేటప్పుడు మనం 'సరే' అని నొక్కే షరతుల్లో, మీ ఫొటో మీద యాజమాన్యం మీదేనని రాసి ఉంటుంది. ఆ వెంటనే, దాన్ని ప్రపంచమంతటా ఉచితంగా వాడుకునే అనుమతి మాకిస్తున్నారనీ ఉంటుంది. పట్టా మనకే ఉంచి కౌలు పుచ్చుకున్నారన్నమాట. అంత పెద్ద కంపెనీయే అనుమతి అడిగి తీసుకుంటుంటే మన వీధి చివరి స్టూడియో అడగడంలో తప్పేముంది?

హక్కును ఒకరి నుంచి ఒకరికి పూర్తిగా మార్చాలంటే నోటిమాట చాలదు. రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలని చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఇక కాపీరైటు ఎంతకాలం ఉంటుందంటే, 2012 సవరణ తర్వాత ఫొటోకు కూడా తీసిన వ్యక్తి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. ఇవాళ దిగిన ఊయల ఫొటో మీద హక్కు ఆ పసివాడి మనవలకు కూడా అందవచ్చు. చిన్న విషయం కాదు కదా!

విదేశాల్లో పిల్లలున్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడి పద్ధతి మనకు తలకిందులు. అమెరికాలో 1978 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, విడిగా పిలిపించుకున్న ఫొటోగ్రాఫరు తీసిన పెళ్లి ఫొటోల మీద హక్కు మామూలుగా ఫొటోగ్రాఫరుదే. డబ్బు కట్టినవారికి వచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే. బ్రిటన్‌లో ఒకప్పుడు మనలాగే తీయించుకున్నవారికి హక్కుండేది. 1988 చట్టం 1989లో అమల్లోకొచ్చాక అది ఫొటోగ్రాఫరు చేతికి వెళ్లింది. అయితే ఆ చట్టంలోనే ఒక మంచి ఏర్పాటు చేశారు. ఇంటి అవసరాలకు, సొంతానికి తీయించుకున్న ఫొటోలను బయటపెట్టకుండా, ప్రదర్శించకుండా ఆపే హక్కు తీయించుకున్నవారికి ఉంచారు. మన ఫొటోగ్రాఫర్లు కొందరు నెట్‌లో దొరికిన అమెరికా ఒప్పందాలను చూసి అలాగే ఫారాలు అచ్చు వేయించుకుంటున్నారు. వాటి మీద సంతకం పెడుతున్నది మాత్రం మొగుడంపల్లి తల్లిదండ్రులు.

ముఖం ఉన్నవారికి ఏముంది?

ఇక్కడే ఆడవాళ్లు గమనించాల్సిన అసలు సంగతి ఉంది. చట్టం హక్కు ఇచ్చింది తీయించుకున్నవారికి అన్నాం. తీయించుకున్నవారు ఎవరు? ఫొటోలో ఉన్నవారా? కాదు. కోరి, డబ్బిచ్చినవారు. మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరును మాట్లాడేది ఎవరు? నాన్న, మామయ్య, అన్నయ్య, ఒక్కోసారి మగపెళ్లివారు. రసీదు మీద వాళ్ల పేరే ఉంటుంది. మరి ఆల్బంలో ప్రతి పేజీలోనూ ఉన్న పెళ్లికూతురి పేరు? ఎక్కడా ఉండదు. పసుపు రాసుకున్నది ఆమె, నగల బరువు మోసింది ఆమె, ఎండలో నిలబడి నవ్వమన్నప్పుడల్లా నవ్వింది ఆమె. కాగితాల్లో మాత్రం ఆమె లేదు.

పైన చెప్పిన అమ్మాయి సంగతే చూడండి. నాన్న డబ్బు కట్టి ఉంటే ఆయన చేత అడిగించుకోవచ్చు. ఫొటోగ్రాఫరును మాట్లాడి డబ్బిచ్చింది మగపెళ్లివారైతే? విడిపోయిన భర్త ఇంటి వారి చేతిలో తన ముఖం తాలూకు కాపీరైటు ఉందన్నమాట!

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. 1882లో న్యూయార్కులో నెపోలియన్ సరోనీ అనే ఫొటోగ్రాఫరు రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటో తీశాడు. ఒక అచ్చు కంపెనీ దాన్ని 85,000 కాపీలు వేసుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. 1884లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటోకు కూడా కాపీరైటు ఉంటుందని తేల్చి ఫొటోగ్రాఫరును గెలిపించింది. ఎంతో పేరున్న తీర్పు అది. అందులో వాది ఫొటోగ్రాఫరు, ప్రతివాది కంపెనీ. ఆ ముఖం ఎవరిదో ఆయన మాత్రం ఆ దావాలో లేనే లేడు!

అయితే ముఖం ఉన్నవారికి ఏ హక్కూ లేదనుకోనక్కర్లేదు. కాపీరైటు వేరు, వ్యక్తిగత గోప్యత వేరు. తమిళనాడు పత్రికా సంపాదకుడు రాజగోపాల్ కేసులో 1994లోనే మన సుప్రీంకోర్టు, ఒకరి పేరునుగానీ రూపాన్నిగానీ వారి అనుమతి లేకుండా ప్రకటనలకు వాడుకోవడం గోప్యతను భంగపరచడమేనని చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. కాబట్టి రసీదు మీద పేరు లేని పెళ్లికూతురు కూడా 'నా ఫొటో మీ వ్యాపార ప్రచారానికి వాడొద్దు' అని తలెత్తుకుని అడగవచ్చు. ఝరాసంగం జాతరలో మనం పిలవకుండానే ఎవరో ఫొటో తీశారనుకోండి. దాని కాపీరైటు తీసినవారిదే. కానీ దాన్ని ఏ సబ్బు ప్రకటనకో, ఏ ఫ్లెక్సీకో వాడితే అడిగే హక్కు మనకుంది.

అద్దానికి ఇవతలా అవతలా

ఆడవాళ్ల ఫొటో విషయంలో జాగ్రత్త మన దగ్గర కొత్తగా పుట్టింది కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసమే పెట్టిన స్టూడియో అది. నిర్వహణ ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో ఉండేది. కెమెరా వెనక ఎవరున్నారన్నది ఆ కాలం ఆడవాళ్లకు అంత ముఖ్యం. కానీ ఫొటో ఇంటికొచ్చినా గాజుపలక నెగటివ్ స్టూడియోలోనే ఉండేది. దీన్‌దయాళ్ తీసిన ఫొటోల నెగటివ్‌లు 2,800 పైచిలుకు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. ఫొటో దిగినవారు పోయారు, తీసినవారు పోయారు, నెగటివ్ మిగిలింది. చరిత్రకు అది మేలే చేసింది. కానీ నెగటివ్ ఎంతకాలం బతుకుతుందో, ఎన్ని చేతులు మారుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇవాళ్టి హార్డ్ డిస్క్ కూడా అంతే. పైగా దాన్ని ఒక్క నిమిషంలో వంద మందికి పంచిపెట్టొచ్చు.

నెగటివ్ విత్తనం లాంటిది. ఈ సంగతి మా జహీరాబాద్ వైపు ఆడవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. విత్తనం బజారు చేతిలో ఉంటే సేద్యమూ బజారు చేతిలోకే పోతుందని వాళ్లకు తెలుసు. ఆ సంఘాల్లోని దళిత మహిళలే 1990లలో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. 2008 అక్టోబర్ 15 నుంచి మాచ్నూర్‌లో సంఘం రేడియో నడిపారు.

కెమెరా నేర్చుకుంటూ వాళ్లు షాట్లకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీసేది 'పటేల్ షాట్'. గద్దె మీద కూర్చున్న పటేల్ చూపు అలాగే ఉంటుంది మరి. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ నేల మీద కూర్చుంటారు కాబట్టి. పెద్ద చదువులు లేని ఆ ఆడవాళ్లు ఎంత బాగా పట్టుకున్నారో చూడండి. తీసేవారికీ దిగేవారికీ మధ్య ఎక్కువ తక్కువలుంటాయని, వాటిని సమం చేయడం మన చేతిలోనే ఉందని వాళ్లు గ్రహించారు. ఫొటో ఒప్పందమూ సంఘం షాట్ లాగే ఉండాలి. అటువారూ ఇటువారూ సమానంగా కూర్చుని మాట్లాడుకోవాలి.

వాళ్ల కష్టమూ కష్టమే

సమానం అన్నాక ఫొటోగ్రాఫరు వైపు నుంచీ చూడాలి. అప్పు చేసి కెమెరా కొంటారు. ముహూర్తాల రోజుల్లో రాత్రంతా నిలబడి తీసి, వారం రోజులు కంప్యూటరు ముందు కూర్చుని ఎడిటింగ్ చేస్తారు. ఇంకో పెళ్లి ఆర్డరు రావాలంటే పాత ఫొటోలు చూపించక తప్పదు. 'మాది వాడొద్దు' అని అందరూ అంటే ఆయన ఏం చూపించుకోవాలి? ఇష్టమున్నవాళ్లు సంతోషంగా అనుమతి ఇవ్వొచ్చు. అందుకు ఆల్బంలో రెండు షీట్లు ఎక్కువ అడిగినా తప్పులేదు. అనుమతికి కూడా విలువ ఉందని అప్పుడే ఇద్దరికీ తెలుస్తుంది.

కాపీరైటు మనదైనా 57వ సెక్షన్ ప్రకారం ఆ ఫొటో తీసింది తానేనని చెప్పుకునే హక్కు ఫొటోగ్రాఫరుదే. ఆయన పేరు దెబ్బతినేలా ఫొటోను వికారంగా మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కూ ఉంది. కాబట్టి వాళ్ల పేరును కత్తిరించి మన స్టేటస్‌లో పెట్టుకోవడం మర్యాద కాదు. పేరు పోతే ఎలా ఉంటుందో ఆడవాళ్లకు ఇంకా బాగా తెలియాలి. దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫరుగా పేరొందిన హొమాయ్ వ్యారావాలా తొలినాటి ఫొటోలు ఆమె పేరుతో కాక భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆమెకు 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. అప్పటికి ఆమెకు 97 ఏళ్లు.

అడ్వాన్సు ఇచ్చే ముందు

చేయాల్సింది కొండంత పనేం కాదు. అడ్వాన్సు ఇచ్చే ముందే ఐదు విషయాలు తేల్చుకోండి. మొదటిది, ఆర్డరు ఎవరి పేరు మీద? డబ్బు నాన్న ఇచ్చినా, మామగారిచ్చినా రసీదు మీద అమ్మాయి పేరు కూడా రాయించండి. రెండోది, కాపీరైటు ఎవరిదో స్పష్టంగా రాయించండి. మూడోది, ఏ ఫైళ్లు ఇస్తారు? హక్కు మనదైనంత మాత్రాన ఎడిట్ చేయని ఒరిజినల్స్ అన్నీ ఇచ్చి తీరాలని చట్టం విడిగా చెప్పలేదు. అది ముందే మాట్లాడుకోవాలి. నాలుగోది, స్టూడియోలో ఎన్నాళ్లు ఉంచుతారు, తర్వాత చెరిపేస్తారా? ఐదోది, అద్దాల్లోగానీ, ఫ్లెక్సీల్లోగానీ, నెట్‌లోగానీ పెడతారా? చిన్నపిల్లల ఫొటోలు, శారీ ఫంక్షన్ ఫొటోలు, శ్రీమంతం ఫొటోల విషయంలో ఈ ఐదోది మరీ ముఖ్యం.

ఇదంతా రాయడానికి వకీలు అక్కర్లేదు. రసీదు మీద చేత్తో ఇలా రాస్తే చాలు: "ఈ ఫొటోలు, వీడియోల మీద కాపీరైటు ఆర్డరు ఇచ్చిన మాదే. అన్ని ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో మాకిచ్చి, 6 నెలల తర్వాత స్టూడియో తన దగ్గరున్నవి చెరిపేస్తుంది. మా రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్కడా ప్రదర్శించరాదు, నెట్‌లో పెట్టరాదు. అనుమతి ఇచ్చినా, మేం వద్దన్న 7 రోజుల్లో తీసేయాలి." కింద ఇద్దరి సంతకాలు, తేదీ. అంతే. రోజులూ నెలలూ మీ ఇద్దరి వీలును బట్టి మార్చుకోవచ్చు.

ఇప్పటికే ఎక్కడైనా మీ ఫొటో వాడేసి ఉంటే ముందు వెళ్లి మర్యాదగా అడగండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్ మెసేజీ అయినా సరే, కాపీ దాచుకోండి. నెట్‌లో పెట్టిన ఫొటో మీద, కాపీరైటు యజమానిగా, ఆ సైటుకే ఫిర్యాదు చేయవచ్చు. ఇంకా వినకపోతే కోర్టుంది. కాపీరైటు దావాను యజమాని తాను నివసించే జిల్లాలోనే వేయవచ్చని 62వ సెక్షన్ చెబుతోంది. స్టూడియో ఏ పట్నంలో ఉన్నా మనం ఆ పట్నం పోనక్కర్లేదు. ఖర్చుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. ఫొటోను మార్ఫింగ్ చేసి వేధిస్తే మాత్రం మొహమాటాలు, రాజీలు వద్దు, నేరుగా షీ టీమ్స్‌కు చెప్పాలి.

స్టూడియోల వారికీ ఒక మనవి. మీ ఆర్డరు ఫారాలు తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో వేయించండి. 'మీ ఫొటో మా అద్దంలో పెట్టుకోవచ్చా?' అని ఒక గడి, పక్కన అవును, కాదు అని రెండు ఖాళీలు పెట్టండి. ఆ గడి దగ్గర సంతకం తండ్రిదో, భర్తదో కాకుండా ఫొటోలో ఉన్నామెదే తీసుకోండి. చట్టం అంతదూరం రాకపోయినా మంచి మనసు రావచ్చు కదా. అలా అడిగే స్టూడియోకు ఆడవాళ్లే పదిమందిని వెంటబెట్టుకుని వస్తారు.

ఈ మూఢం వెళ్లగానే మళ్లీ లగ్గాలు మొదలవుతాయి. ఈసారి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఫొటోగ్రాఫరును మాట్లాడుతున్నప్పుడు టీ కప్పులు అందించి లోపలికి వెళ్లిపోకండి. అక్కడే కూర్చోండి. షీట్ల లెక్క, డ్రోన్ లెక్క అయ్యాక మీరొక మాట అడగండి. రసీదు మీద అమ్మాయి పేరు కూడా రాస్తారా అని.